టేపు అంటించిన గదిలో సాక్ష్యం

సౌదీలోని జుబైల్లో మా క్వార్టర్లో ప్రతి శుక్రవారం కోస్తా వాళ్ళం నాలుగైదు క్రైస్తవ కుటుంబాలు ప్రార్థనకి చేరేవాళ్ళం. మా ఆయన ప్లాంటులో ఆపరేటరు, నేను ఆసుపత్రిలో నర్సుని. పక్క వాటాకి వినపడితే ఉద్యోగాలు ఊడతాయని తలుపు గడియపెట్టి, పాటలు గొంతు దాటకుండా పాడేవాళ్ళం. కువైట్ యుద్ధం మొదలయ్యాక విషవాయువు వస్తుందన్న భయంతో కిటికీల చుట్టూ టేపు అంటించాం. ఆ టేపు పుణ్యమా అని మొదటిసారి కాస్త గొంతు విప్పాం.

నా వైద్యమూ ఆ చలికాలంలోనే. అండాశయాల నిండా నీటి బుడగలున్నాయనీ, అందుకే నెలసరి సరిగ్గా రావడం లేదనీ ఈజిప్టు డాక్టరమ్మ చెప్పింది. అండం విడుదలకి మాత్రలు రాసి, ఫలితం లేకపోయేసరికి మోతాదు పెంచింది. ఎందరికో మందులు పంచిన నాకు మందంటే ఏమిటో అప్పుడు తెలిసొచ్చింది. అంత చలిలోనూ చెవుల్లోంచి సెగలు. తలనొప్పి ఒకటి. చారులో ఉప్పు తగ్గిందని ఆయనంటే గిన్నె సింకులో పారబోసి, అక్కడే కూలబడి ఏడ్చాను. లైటు ఆర్పేసినా దాని వెలుగు కళ్ళల్లోంచి పోయేది కాదు. ఈ కళ్ళ సంగతి చెబితే డాక్టరమ్మ మందు ఆపేస్తుంది. నాకేమో బిడ్డ కావాలి. అందుకని ఆయనకే చెప్పుకున్నాను.

"మందన్నాక ఆ మాత్రం ఉండదేంటి? నర్సువి, నీకు నేను చెప్పాలా?" అన్నారు.

మీరూ ఒకసారి పరీక్ష చేయించుకోండని అడిగితే మాత్రం టీవీ సౌండు పెంచేవారు. సైరన్ మోగితే మాస్కు తగిలించుకోవాలి. ఆ రబ్బరు లోపల నా ముఖం ఉడికిపోయేది, లాగి అవతల పారేసేదాన్ని. చావాలనుందా అని అరిచేవారు. ఒళ్ళు మండిపోయేది నాకు, మందుతో కొంతా, ఆయనతో కొంతా.

ఓ శుక్రవారం నాటికి పొట్ట ఉబ్బి, చీర కుచ్చిళ్ళు నిలవడం లేదు. ప్రార్థన కూటంలో అందరికంటే పెద్దావిడ నా పక్కన కూర్చుని పొట్ట మీద చెయ్యి వేసింది.

"ఏమ్మాయ్, విశేషమా?"

నేను నోరు తెరిచేలోపే ఆయన లేచి నిలబడ్డారు. "అందరికీ వందనాలండి. సాక్ష్యం చెప్పాలి. దేవుడు మా మొర ఆలకించాడండి. మా ఆవిడకి నెల తప్పింది."

నెల తప్పడమే నా జబ్బు. ఆ మాట ఆయనకి చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది.

"కాదండీ, ఇది మందు వాపు," అన్నాను. "సిగ్గుపడతందిలే పిల్ల," అంది పెద్దావిడ. అందరూ లేచి చప్పట్లు కొడుతూ స్తుతి పాట అందుకున్నారు. కడుపులో నొప్పి మెలిపెడుతుంటే నేనొక్కదాన్నే కూర్చుని ఉన్నాను.

మర్నాడు డాక్టరమ్మ స్కానింగ్ చేసింది. గర్భం లేదు. అండాశయాలు వాచి, చుట్టూ నీరు చేరింది. కళ్ళ సంగతి కూడా అప్పుడే బయటపెట్టాను. ఆవిడ మాత్రలు లాక్కుని, ఇంకెప్పుడూ ఈ మందు ముట్టుకోవద్దంది. అప్పట్లో అక్కడ నాకు దొరికే వైద్యం అదొక్కటే.

కొన్నాళ్ళకి పొట్ట వాపు తగ్గింది. కూటంలో కళ్ళన్నీ దాని మీదే. అసలు సంగతి మా ఆయన చెబుతారని చూశాను. సాక్ష్యం చెప్పిన మనిషి, వెనక్కి తీసుకోవాల్సిన మనిషి ఆయనే కదా.

"అయ్యో, బరువులేవన్నా ఎత్తిందా?" అని పెద్దావిడ ఆయన్నే అడిగింది.

ఆయన తల వంచుకున్నారు. "సైరన్ మోగినా మాస్కు ఉంచుకునేది కాదండి. చెబితే వినదు."

అబద్ధమని అరిచాను. పాపం, దుఃఖంలో ఉందిలే అన్నారు అందరూ.

యుద్ధం అయిపోయాక టేపు పీకేశాం. పాటలు మళ్ళీ గొంతుల్లోకి దిగిపోయాయి. నా కోసం చేసే ప్రార్థన మాత్రం అందరికీ వినపడేలాగే చేసేవారు. నా కడుపులో ఎన్నడూ పడని బిడ్డని పోగొట్టినందుకు నన్ను క్షమించమని.