తలుపు రాసిన కథ

నాకు అక్షరాలు వచ్చింది నలభై ఏడో ఏట. అంతకుముందు ఏమీ రాయకపోవడానికి కారణం అదే. ఆ తర్వాత కూడా ఈ సంగతి రాయకపోవడానికి వేరే కారణం ఉంది. మా వీధికంతా పిండి గిర్ని ఒకటే, దాన్ని నడిపేది భూలక్ష్మి. మా ఇంట్లో జొన్నరొట్టె లేకుండా పూట గడవదు. ఆమె గురించి రాసి, ఆ తర్వాత జొన్నలు ఎక్కడ పట్టించాలి? ఈమధ్య ఆమే నన్ను ఆపి, "రాయ్ వదినా. కాని నా తలుపు సంగతి సక్కగ రాయ్" అన్నది. అందుకని రాస్తున్నాను.

నేను నిజామాబాద్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేశాను. మడతల పనికి చేరి, హెడ్ బైండర్‌గా దిగిపోయాను. పెద్ద కాగితం మీద రెండు వైపులా కలిపి పదహారు పేజీలు అచ్చు వేస్తారు. దాన్ని మూడుసార్లు మడిస్తే పేజీలు వరసలోకి వస్తాయి. దాన్నే ఫారం అంటాం. ఫారాలన్నీ ఏరి, ఒకదాని మీద ఒకటి పెట్టి కుట్టి, అట్ట అతికించి, అంచులు కోస్తే పుస్తకం. చదువు రాకముందు నాకు అంకెలు మాత్రం తెలుసు. బైండర్‌కు అవి చాలు. పదహారో పేజీ తర్వాత పదిహేడు వచ్చిందా లేదా అన్నదే నా బాధ్యత. ఆ పేజీలో రాజు చచ్చాడా బతికాడా అన్నది నాకు సంబంధం లేదు.

పెద్దవాళ్లకు చదువు నేర్పే వాచకాలు మా ప్రెస్‌కు బైండింగ్‌కు వచ్చినప్పుడు పరిస్థితి మారింది. ఒకే పేజీని పొద్దుగూకేదాకా మడుస్తుంటే అది కళ్లలో పడక తప్పదు. తెలియని అక్షరాన్ని ప్రూఫ్‌లు దిద్దే ఆయనను అడిగేదాన్ని. ఆ వాచకాలు కట్టలు కట్టి పంపేసరికి నేను చదవడం మొదలుపెట్టాను. అయితే వేలు పెట్టి, పైకి మాత్రమే చదవగలను. నోరు మూసుకుని చదవడం నాకు ఇప్పటికీ రాదు.

ఇప్పుడు చెప్పబోయేది నేను దిగిపోయే ముందటి సంవత్సరం, మార్గశిర మాసంలో జరిగింది. మా సేటు కూతురు వినీల పుస్తకాల పని చూసుకునేది. ఆమెకు సైన్స్ ఫిక్షన్ అంటే ప్రాణం. కొత్తవాళ్లతో చిన్న కథలు రాయించి, "ఎల్లుండి కథలు" అని ఒక పుస్తకాల వరస తేవాలనుకుంది. సేటు సరేనన్నాడు గాని ఒక షరతు పెట్టాడు. పెళ్లి కార్డుల ఆర్డర్లు మొదలయ్యేదాకానే మెషిన్ ఖాళీగా ఉంటుంది. ఆలోపల పది కథలతో ఆరు ఫారాల మొదటి పుస్తకం మెషిన్ ఎక్కాలి. ఎక్కకపోతే వరస లేదు, పుస్తకమూ లేదు, వినీల కార్డుల కౌంటర్‌లో కూర్చోవాలి.

వినీల పేపర్లో ప్రకటన వేయించింది, ఫోన్లలో పంపింది. రెండు జవాబులు వచ్చాయి. ఒకాయన ఇందల్వాయి నుంచి రాస్తూ, ఈ కోర్సు పూర్తయితే ఉద్యోగం గ్యారంటీనా అని అడిగాడు. రెండో ఆయన తన జాతకం పంపాడు.

వినీల మొహం చూడలేక, ఎట్లా పిలిచావమ్మా అని అడిగాను. చెప్పింది.

"గట్ల పిలిస్తె ఎవలొస్తరు వినీలమ్మా? ఫోన్ల పిలిస్తె మనోళ్లు సొంత తమ్ముని లగ్గానికే పోరు. బొట్టు పెట్టి పిలువాలె" అన్నాను.

అట్లా నాకు కొత్త బాధ్యత వచ్చింది. బైండింగ్ నుంచి మూడు రోజులు తప్పించి, దాన్ని డ్యూటీ కిందే రాసుకున్నారు. కుంకుమ భరిణె పట్టుకుని ముందు మా వీధి, తర్వాత నవీపేట్, ఆ తర్వాత బోధన్ వైపు చెరకు ఊళ్లు తిరిగాను. పద్ధతి తెలిసిందే. ఇంటి ఆడమనిషికి బొట్టు పెట్టి, విషయం చెప్పి, ఇంటిల్లిపాదీ రావాలి అనాలి. నేను ఇంటిల్లిపాదీ రాయాలి అన్నాను. పెళ్లి పిలుపులో మొగుడు పోయినవాళ్లకు బొట్టు పెట్టరు. కథల పిలుపుకు ఆ నియమం లేదని నేనే నిర్ణయించి అందరికీ పెట్టాను. ఏం రాయాలని అడిగినవాళ్లకు, రేపటి సంగతి అందరికీ తెలుసు, ఎల్లుండి ఏం జరుగుతుందో రాయండి అని చెప్పాను. ఎప్పటిలోగా అంటే, ఫలానా ఆదివారం లోపల ప్రెస్‌కు చేరాలన్నాను.

ఇంటికి తాళం ఉంటే కూడా పద్ధతి ఉంది. తలుపుకు బొట్టు పెట్టి పోవాలి. తలుపుకు పడితే ఇంటికి పిలుపు అందినట్టే. మొదటి రోజు మా వీధిలో భూలక్ష్మి గిర్నికి తాళం ఉంది. తలుపుకు బొట్టు పెట్టి, బస్సుకు టైమైందని నేను పోయాను.

ఆదివారం పొద్దున ప్రెస్ గేటు తీసేసరికి బయట జనం. పట్టుచీరలు కట్టుకుని, పిల్లలకు కొత్త బట్టలు వేసి, కుటుంబాలు కుటుంబాలుగా వచ్చారు. బొట్టు పెట్టి తారీఖు చెబితే అది కార్యం కిందికే వస్తుందని నాకు అప్పుడు తట్టింది. బోధన్ నుంచి ఒక కుటుంబం ఆటో మాట్లాడుకుని వచ్చింది. అందరి చేతుల్లో కాగితాలున్నాయి. అందరూ వంట ఎక్కడ అని చూస్తున్నారు.

సేటు నన్ను పక్కకు పిలిచి, "సాయవ్వా, ఇది ప్రెస్సా, ఫంక్షన్ హాలా?" అన్నాడు. తర్వాత హోటల్ నుంచి ఉప్మా తెప్పించాడు. ఉప్మాలో ఉప్పు తక్కువైందని అప్పుడే ఇద్దరు అలిగారు.

వినీల కాగితాలన్నీ తీసుకుని, చదివి ఏ సంగతో తర్వాత చెబుతామన్నది. ఎవరూ లేవలేదు. నవీపేట్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి నిలబడి, "తర్వాత చెప్పుడేంది బిడ్డా? బొట్టు పెట్టి పిలిసి, మీ కత మాకొద్దంటరా? గట్ల ఏడనన్న ఉన్నదా?" అన్నాడు. అందరూ బరాబర్ అన్నారు. పిలిచి తెప్పించుకున్న కథను వెనక్కు పంపితే, పంక్తిలో కూర్చున్న మనిషిని లేపినట్టే. ఆ మాటతో వినీల చేతిలోని కట్ట బరువెక్కింది. అందులోవన్నీ వేస్తే పుస్తకం ఇటుకంత అవుతుంది. సేటు మెషిన్ వైపు చూస్తూ, కార్డులు ఎక్కించమని చెప్పడానికే నోరు తెరిచాడు.

నేను కథలన్నీ ఇక్కడే అందరి ముందు చదువుదామన్నాను. ఆ క్షణంలో ఇంకేం తోచక అన్న మాట అది. పిలిచింది నేను గనుక చదవాల్సిందీ నేనే అయింది.

వేలు పెట్టి ఒక్కొక్క పదం చదువుతుంటే కథలో ఏదీ దాగదు. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఉండే ఆయన, అంగారకుడి మీద ఇసుకంతా చక్కెరేనని రాశాడు. రాకెట్ దిగేసరికి అక్కడ చీమలు ఉన్నాయి. నవీపేట్ రైతు రాసిన కథలో, పసుపు ఉడికించే కడాయిలో కూర్చుంటే మంచి ధర వచ్చిన రోజుకు పోవచ్చు. ఊరంతా పోయి, తిరిగి రామని కూర్చున్నారు. ఇంకో కథను ఇంటిల్లిపాదీ రాశారు. మొదలు తండ్రి రాశాడు, నడుమ అత్త పామును పెట్టింది, చివర కొడుకు రోబోను తెచ్చాడు. కోడలికి ఖాళీ అర పేజీ మిగిలితే, ఆమె పాముకూ రోబోకూ పెళ్లి చేసింది.

మేం తప్పుపట్టనక్కర లేకపోయింది. పెళ్లిలో కూర గురించి మాట్లాడినట్టే అందరూ కథల గురించి మాట్లాడారు.

"చంద్రుని మీద చెరకు పెట్టిండు సరే. నీళ్లెవలు ఇడుస్తరు? కాలువున్నదా ఆడ?"

"పామేంది నడుమ? గది సైన్సా?"

"మా అత్త ఉన్న కాడ పాము ఉంటది. ఏం చెయ్యాలె?"

చంద్రుని మీద చెరకు పెట్టిన ఆయన కాసేపు ఆలోచించి నా దగ్గరకు వచ్చాడు. "నాదిట్లియ్యక్కా, కాలువ తవ్వి తెస్త" అని కాగితాలు తీసుకుపోయాడు. ఆయనను చూసి ఇంకొకరు, వాళ్లను చూసి మరొకరు. మేం వెనక్కిస్తే అవమానం, వాళ్లు వెనక్కు తీసుకుంటే కాదు. మధ్యాహ్నానికి వినీల చేతిలో తొమ్మిది కథలు మిగిలాయి. తొమ్మిదీ బాగున్నాయి, పామూ రోబోల పెళ్లితో సహా.

అయితే తొమ్మిది కథలు ఐదు ఫారాలకే సరిపోయాయి. సేటు లెక్క చూసి, "ఆరోది తెల్లకాగితమే కుడ్తవా బిడ్డా? పది అనుకున్నం, పది లెవ్వు. అయిపోయింది" అన్నాడు. 

అప్పుడు భూలక్ష్మి వచ్చింది. పట్టుచీర లేదు, గిర్నిలో కట్టుకునే చీరే. జుట్టు మీద, కనుబొమ్మల మీద పిండి. గేటు దాటకుండా అక్కడే నిలబడింది.

"లోపటికి రా భూలక్ష్మీ" అన్నాను.

"నన్నెవలు పిలిసిండ్రు? నేను గిర్ని బెల్టు తేనీకి బజారుకు పోయిన, సచ్చిపోలే. జరసేపు ఆగనీకి నీకు కాళ్లు గుంజినయా వదినా? నువ్వు పిలిసింది నా తలుపును. తలుపు కత రాసింది. దానికి నడువరాదు, అందుకని నేను తెచ్చిన" అని కాగితాలు నా చేతిలో పెట్టింది.

కథ మీద రచయిత పేరు తలుపు అనే ఉంది. చదవడం మొదలుపెట్టాను. ఎల్లుండి కాలంలో వీధిలోని తలుపులన్నింటికీ తెలివి వస్తుంది. ఒకరోజు ప్రెస్ నుంచి ఒక ఇనుప మనిషి వచ్చి, మనుషులను వదిలి తలుపులకు బొట్టు పెట్టి పోతుంది. పిలుపు వచ్చింది గనుక తలుపులన్నీ రంగులు వేసుకుని, బోధన్ బస్సెక్కి విందుకు పోతాయి. వీధిలో ఇళ్లన్నీ తలుపులు లేకుండా మిగులుతాయి. కుక్కలు వచ్చి మంచాల మీద పడుకుంటాయి. విందులో తలుపులకు నోరు లేదు గనుక ఏమీ తినలేవు. అయినా కూర బాగాలేదని అలిగి వస్తాయి.

జనం పడిపడి నవ్వుతున్నారు. నేను వేలు పెట్టి తర్వాతి వాక్యం చదివాను: "ఆ ఇనుప... మనిషికి... నోరు మూసుకుని... చదవడం... రాదు."

ఆ వాక్యాన్ని పూర్తిగా చదివిన తర్వాతే అది నా గురించేనని నాకు అర్థమైంది. అందరికీ నాకన్నా ముందే అర్థమైంది. ఉప్మాకు అలిగినవాళ్లు కూడా నవ్వారు. మిగతా కథ చదవడానికి నాకు చాలాసేపు పట్టింది, ఎందుకంటే నాకూ నవ్వు ఆగలేదు.

వినీల కాగితాలు లాక్కుని లెక్క చూసింది. ఆరో ఫారం నిండింది. ఇక హామీ పత్రం ఒకటే మిగిలింది. కథ తన సొంతమని, అచ్చుకు ఒప్పుకుంటున్నానని రచయిత సంతకం పెట్టి ఇచ్చే కాగితం అది. అది లేకుండా ప్రెస్‌లో ఏదీ మెషిన్ ఎక్కదు.

"నేనెందుకు పెట్టాలె? రాసింది తలుపు" అన్నది భూలక్ష్మి.

"తలుపు సంతకం ఎట్ల పెడతదక్కా?" అని వినీల బతిమాలింది.

"రాకుంటె నేర్పుండ్రి. సాయవ్వ వదినకు నలభయ్యేడేండ్లకు రాలేదా? నా తలుపుకు ఇంకా ఇరవై గూడ నిండలే" అని వెనక్కు చూడకుండా పోయింది.

సేటు ఆ కథ విని నవ్వినవాళ్లలో ఒకడు గనుక కొంచెం మెత్తబడ్డాడు. మరుసటి రోజు పన్నెండు లోపల సంతకం తెస్తే పుస్తకం, లేకపోతే కార్డులు అన్నాడు. మిఠాయి డబ్బా పట్టుకుని తనే పోతానని వినీల అన్నది. వద్దన్నాను. పిలుపు పని నాది.

మరునాడు పొద్దున భరిణె, హామీ పత్రం, పెన్ను పట్టుకుని గిర్నికి పోయాను. తాళం ఉంది. తలుపు మీద నేను పెట్టిన పాత బొట్టు అట్లాగే ఉంది, తుడవలేదు. నేను మెట్టు మీద కూర్చున్నాను. గోధుమలు తెచ్చిన ఒకామె, "తలుపుకు పెట్టి పోరాదు సాయక్కా" అని సలహా ఇచ్చింది. ఆ పని ఒకసారి చేశానన్నాను.

ఎదురింటి డాబా మీద భూలక్ష్మి చాయ్ తాగుతోంది. నేను చూశాను. నేను చూసినట్టు ఆమె చూసింది. నేను పిలవలేదు, ఆమె పలకలేదు. అంత నిదానంగా చాయ్ తాగిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. తర్వాత కిందికి వచ్చి, తాళం తీసి, మోటారు వేసి, గోధుమలామెకు పిండి పట్టి ఇచ్చింది. నేను లేవలేదు. మోటారు ఆపి, కొంగుతో నొసటి మీది పిండి తుడుచుకుని నా ముందుకు వచ్చి నిలబడింది.

"ఇగ పెట్టు. నడిమిట్ల పెట్టు, వంకర పెట్టకు" అన్నది.

పెట్టాను. ఆమె పత్రం తీసుకుని, గోడకు ఆనించి సంతకం పెట్టింది. రచయితలను పిలిచే పనిలో నేను నేర్చుకున్నది ఒక్కటే. ఇంటికి తాళం ఉంటే మనిషి వచ్చేదాకా మెట్టు మీద కూర్చోవాలి.

టైమ్ పదకొండు దాటింది, ఆటో దొరకలేదు. ప్రెస్ దాకా నడుస్తూ, ఆమె ఏం రాసిందోనని కాగితం తెరిచి వేలు పెట్టి చదివాను: "తలుపు తరఫున, భూలక్ష్మి." నోరు మూసుకుని చదవడం రాదు గనుక, నేను పన్నెండు లోపలే ప్రెస్ చేరినా, అప్పటికే ఆ సంగతి బజారంతా తెలిసిపోయింది.