బజ్జీల కాగితంలోంచి వెలుగు

ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోయే బస్సులో మా అవ్వ కిటికీ పక్కన కూర్చుంది. సెలైన్ ఎక్కించడానికి నరం దొరక్క, నర్సులు పొడిచిన చోటల్లా ఆమె చేతులు కమిలిపోయి ఉన్నాయి. ఎదురు సీటులో బజ్జీలు తింటున్న అమ్మాయి ఆ చేతుల్నే చూస్తోంది. ఏదో ల్యాబులో పనిచేస్తున్నానని చెప్పి, బజ్జీలు చుట్టిన కాగితాన్ని ఎండకెత్తి పట్టుకుంది.

"చూడవ్వా, నూనె పట్టినకాడ అవతలి పక్క అక్షరాలు కూడా కనిపిస్తా ఉండాయి. కాగితంలో సందుల్ని నూనె నింపేసరికి వెలుగు చెదరకుండా నేరుగా పోతాది. తోలులోనూ అంతే. మిఠాయిల్లో వేసే పసుపు రంగుని నీళ్లలో కలిపి ఎలుక పొట్టకు పూసినాము. తోలు అద్దం మాదిరి అయిపోయి లోపల పేగులు కదిలేది కనిపించినాది!"

నేను కాగితం లాక్కుని ఎండకెత్తి చూశాను. నిజమే!

"మరి ఎలుక చచ్చిపోయినాదా?" అన్నాను.

"లేదన్నా. కడిగేస్తే మళ్లీ మామూలే."

అవ్వ వెంటనే రెండు చేతులూ ఆమె ముందుకు చాపింది. "అయితే నాకు పుయ్యి పాపా, నరాలన్నా కనిపిస్తాయి."

"మనుషుల దాకా ఇంకా రాలేదవ్వా. టైం పడతాది," అంటూ ఆమె ఆ చేతుల్ని పట్టుకుంది. ఆత్మకూరు వచ్చేదాకా వదల్లేదు. పేరు అడగడం మరిచిపోయాం.

మొన్న ఆస్పత్రిలో కొత్త నర్సు నరం దొరక్క తడబడుతుంటే అవ్వే ధైర్యం చెప్పింది. "కంగారు పడబాకు తల్లీ. మా పిల్ల రంగు తయారుచేస్తా ఉండాది. అందాకా నిదానంగా ఎతుక్కో."