మా మేనకోడలి కాగితాల్లో పదమూడు ఫ్యాన్లు

మా మేనకోడలు చెమటోడ్చి సాధించిన మొదటి గెలుపు లెక్కల పరీక్ష. నాలుగోసారికి పాసయింది. మూడుసార్లు తప్పాక వాళ్ల నాన్న, అంటే మా బావ, "ఇక చదువు కట్టిపెట్టు" అన్నాడు. నేను ఊరుకోలేదు. నాలుగోసారి నా సైకిలు వెనక కూర్చోబెట్టుకుని నేనే పరీక్షకు తీసుకెళ్లాను. ముప్పైఅయిదు వస్తే చాలు, ముప్పైఆరు తెచ్చుకుంది. ఆ ఒక్క మార్కూ మిగులేనని ఊరంతా చెప్పుకుని తిరిగాను.

ఆ తరవాత ఆమెను ఆపగలిగినవాళ్లు లేరు. టైపు నేర్చుకుంది. ఉద్యోగ పరీక్ష మొదటిసారే గట్టెక్కింది. గణాంక శాఖలో చేరి, ఇంటింటికీ తిరిగి వివరాలు రాసే పని చేపట్టింది. చేరిన ఏడాదే నలభై రోజుల్లో ఆరువందల పన్నెండు ఇళ్లు తిరిగింది. రెండుసార్లు కుక్కలు తరిమాయి. ఒకరోజు చెప్పు తెగితే ఒంటి చెప్పుతోనే సాయంత్రం దాకా నడిచింది. అయినా తప్పుందని ఒక్క కాగితం వెనక్కి రాలేదు. మనిషి అయిదడుగులు కూడా ఉండదు. ఆఫీసులో "చీమ" అంటారట. నాకు కోపమేమీ లేదు. చీమ ఎంత బరువు మోస్తుందో తెలిసినవాళ్లే ఆ పేరు పెట్టి ఉంటారు.

ఈలోగా ప్రభుత్వం అయిదేళ్ల అభివృద్ధి ప్రణాళిక వేసింది. దేశాదాయం పెరగాలి, మామూలు మనిషి బతుకు ఒక మెట్టు పైకెక్కాలి, ఇదీ దాని సారం. మా వైపు పల్లెలకు అందులో రాసిపెట్టింది పాల కేంద్రాలు. పాలు విరగకుండా చల్లగా ఉంచే యంత్రం పెడతారు. మా ఊళ్లో సాయంత్రం పితికిన పాలు, మర్నాడు పట్నం బండి వచ్చేసరికి ఎందుకూ పనికిరావు. ఎండాకాలమంతా మా ఆవిడ ఆ పాలు పారబోస్తూ, నేనే విరగ్గొట్టినట్టు నన్ను తిడుతూ ఉంటుంది.

మొదటి ఏడాది పది ఊళ్లకే కేంద్రాలు. ఏ ఊళ్లకన్నది తేల్చడానికి ఊరికొక వీధి చూస్తారు, ఇళ్లల్లో ఏమేం వస్తువులున్నాయో రాసుకుంటారు. మా ఊళ్లో మా వీధి తగిలింది. రాసేది మా మేనకోడలే!

వీధంతా దర్జీ అరుగు మీద చేరాం. దర్జీ నాకు వరసకు బావమరిది, మాటకారి.

"పట్నం ఆఫీసులో కుర్చీ ఎవరికేస్తారు? ఇస్త్రీ చొక్కా వాడికే కదా! మన వీధి కూడా ఇస్త్రీ చొక్కాలా కనపడాలి" అన్నాడు.

అందరికీ నచ్చింది. మరీ ముఖ్యంగా నాకు, ఎందుకంటే వీధి మొత్తానికి టేబుల్ ఫ్యాను ఉన్నది మా ఇంట్లోనే. జాలీకి ఒక పక్క సొట్ట ఉన్నా ఝామ్మని తిరుగుతుంది.

సర్వే రోజు మేనకోడలు ఒక్కో ఇంటి ముందు గదిలో కూర్చుని రాసుకుంటుంటే, ఫ్యాను పెరటి గోడల మీంచి ఇంటింటికీ ప్రయాణం కట్టింది. ఆమె చెప్పులేసుకునేలోగా అది పక్కింటికి చేరేది. మధ్యాహ్నానికి మేనకోడలు మా ఇంటికొచ్చింది. ఫ్యాను మాత్రం ఇంకా పక్కింట్లోనే చిక్కుకుపోయింది. ముందు గదిలో రేడియో పెట్టి ఠీవిగా కూర్చున్నాను.

"మామయ్యా, ఫ్యానేదీ?"

"ఏ ఫ్యాను?"

"చిన్నప్పుడు నేను వేలు పెట్టబోతే వీపు మీద ఒకటిచ్చావే, ఆ ఫ్యాను."

"ఓ, అదా... రిపేరుకిచ్చాం."

"పదమూడు ఇళ్లల్లో ఝామ్మని తిరిగింది. మీ ఇంటికొచ్చేసరికే పాడైందా?"

మా ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పారిపోయింది.

"రెండో ఇంట్లోనే గుర్తుపట్టాను" అంది మేనకోడలు. "నాలుగో ఇంట్లో ముట్టుకుంటే వేడిగా ఉంది. ఏడాదిగా పెట్టెలోంచి తియ్యలేదమ్మా అంటుంది ఆవిడ!"

"అక్కడే అడగకపోయావా?"

"వాళ్లు చెప్పిందే రాయాలి మామయ్యా. సోమవారం కాగితాలిచ్చెయ్యాలి. ఈ లెక్కన మీ వీధి పట్నాన్ని మించిపోయింది. పాల కేంద్రం నాలుగో ఏడాదికి పోతుంది."

"అదేంటి! ఉన్నవాళ్లకి కాదూ ఇచ్చేది?"

"లేనివాళ్లు పైకి రావాలనే కదా ఈ ప్రణాళిక!"

"పోనీ ఆ ఫ్యాన్లన్నీ నువ్వే కొట్టెయ్" అన్నాను.

"నేను కొట్టేస్తే అది నా అబద్ధమవుతుంది. ఎవరింటి సంగతి వాళ్లే చెప్పి, వాళ్లే సంతకం పెట్టాలి."

మూడు రోజులు గడప గడపకూ తిరిగింది. ఒక్కరూ దిగిరాలేదు. "ఉందన్న నోటితో లేదని ఎలా అంటానమ్మా? పక్కనే మా వియ్యంకుడు కూర్చుని విన్నాడు" అన్నాడు దర్జీ. "మా ఇంట్లో ఫ్యాను లేదని గవర్నమెంటుకి తెలియాలా?" అంది మూలింటి పెద్దమ్మ.

ఆదివారం మధ్యాహ్నం మేనకోడలు మా ఫ్యాను పట్టుకెళ్లి వీధి నడుమ స్టూలు మీద పెట్టింది.

"ఎవరిదో వాళ్లు తీసుకెళ్లండి!"

వీధంతా బయటికొచ్చింది. ఎవరూ కదల్లేదు. ఎవరో దగ్గారు. మేనకోడలు నావైపు చూసింది. ఫ్యాను నాదని చెప్పడం ఎంతసేపు? ఆ వెంటనే ఇంకోటి ఒప్పుకోవాలి, అదీ కష్టం. కానీ చీమలాంటి పిల్ల అంత ఎండలో అలా నిలబడి ఉంటే ఎంతసేపని చూస్తాను?

"ఫ్యాను నాది" అన్నాను. "నేను రాయించిన రేడియో మాత్రం నాది కాదు, దర్జీది."

"అమ్మయ్య!" దర్జీ గుండె మీద చెయ్యేసుకున్నాడు. "తిరిగిస్తావో లేదోనని మూడు రోజులుగా అన్నం సయించట్లేదు బావా!"

వీధి వీధంతా ఫక్కుమంది. ఇక ఆగలేదు. గోడ గడియారం మాది కాదని ఒకరు, కుర్చీలు ఎదురింటివని ఒకరు. మేనకోడలు స్టూలు పక్కనే నేల మీద చతికిలబడి రాసింది, సంతకాలు పెట్టించుకుంది. కాసేపటికి పోటీ రెండో వైపుకు తిరిగింది.

"రాసుకోమ్మా, మాకు మంచం ఒక్కటే, అదీ కుంటిది!" అంది పెద్దమ్మ.

"పెద్దమ్మా, లోపల రెండోది నేను చూశాను. ఉన్నది దాచకు!"

సోమవారం కాగితాల మీద కొట్టివేతలు చూసి పై అధికారి కళ్లజోడు తీశాడట. "వారంలో పన్నెండు ఫ్యాన్లు ఎలా పోయాయమ్మా? దొంగలు పడ్డారా?"

"లేదండీ. ఒక్కటే పదమూడు ఇళ్లకి నడిచింది. ఇవిగో సంతకాలు."

ఆయన నమ్మలేదు. స్వయంగా వచ్చి ఏడిళ్లు చూశాడు. ఏ ఇంట్లోనూ కాగితానికీ ఇంటికీ తేడా రాలేదు. పోయిన శుక్రవారం జాబితా వచ్చింది. పది ఊళ్లలో మాది ఆరోది!

మా మేనకోడలి ఘనతల్లో ఇంకోటి కూడా రాయాలి. వస్తువు ఉందా అని అడిగి ఊరుకోకుండా, ముట్టుకుని చూసి రాయడం ఎలాగో కొత్తవాళ్లకు నేర్పమని రాజధానికి పిలిపించారు. నలభై మందికి పాఠం చెబుతోంది, లెక్కల్లో మూడుసార్లు తప్పిన పిల్ల! అది పూర్తికాగానే పాల కేంద్రానికి స్థలం కొలిచే ఇంజనీర్లను వెంటబెట్టుకుని మా ఊరొస్తుంది. వచ్చే నెల పద్దెనిమిదో తేదీ, గురువారం, పొద్దుటి బస్సుకు.