నీలమ్మ వారం

పూండి దగ్గర ఆ ఇంట్లో వంటగది ఒకటే, కోడళ్లు ఇద్దరు. పెద్దకోడలు సన్యాసమ్మ, చిన్నకోడలు నీలమ్మ. వారం ఒకరిది లోపలి పని, రెండోవాళ్లది బయటి పని. లోపలంటే వంట, అంట్లు, పొయ్యి. బయటంటే ఆవు, పేడ, వాకిలి, బట్టలు, తోటలోంచి ఎండు కొబ్బరాకులు ఈడ్చుకురావడం. మళ్లీ సోమవారం నుంచి పనులు అటూ ఇటూ మారతాయి. ఈ పద్ధతి అత్త కన్నమ్మ పెట్టింది కాదు. నీలమ్మ కాపురానికొచ్చిన కొత్తలో ఇద్దరూ ఒక మాడిన గిన్నె కోసం కొట్లాడుకుని, మాటలు మానేసి, చివరికి వాళ్లే కూర్చుని పంచుకున్నారు.

ఆదివారం పొద్దుగూకే వేళకు వంట వారం తీరినావిడ పొయ్యిగట్టు కడిగి ముగ్గేసి, కత్తిపీట తోమి, రెండో ఆవిడ గది తలుపుకు ఆనించి వెళ్లిపోయేది. మాట అక్కర్లేదు. తెల్లారి ఎవరి తలుపు దగ్గర కత్తిపీట ఉంటే వాళ్లదే వంట. నీలమ్మయితే దాని పీట మీద ఒక ఉల్లిపాయ కూడా పెట్టి పోయేది.

“ఇప్పట్నించే ఏడుపు మొదలెట్టుకో అప్పా” అని అక్కలాంటి తోటికోడల్ని చూసి నవ్వేది.

తర్వాత నీలమ్మకు కిడ్నీలు పాడయ్యాయి. ఆ చుట్టుపక్కల ఏ ఇంటికీ అది కొత్త మాట కాదు. మంగళవారం, శుక్రవారం మొగుడు ఈశ్వర్ బండి వెనక కూర్చుని పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకుని వచ్చేది. తన వంట వారమైతే ఆ రోజుల్లో ముందే లేచి అందరికీ వండిపెట్టి మరీ బయల్దేరేది. తిరిగొచ్చాక మాత్రం కాళ్లు నిలిచేవి కావు. ఆ సాయంత్రాలు ఆమె చప్పిడి కూర ఈశ్వరే వండేవాడు. ముక్కలు ఉడికించి నీళ్లు పారబోసి, మళ్లీ ఉడికించి మళ్లీ పారబోయడం. ఉప్పు లేదు, కొబ్బరి లేదు. ఆస్పత్రిలో నర్సమ్మ ఎలా చెప్పిందో అలాగే.

ఒకసారి చూడలేక సన్యాసమ్మ, “నీ వారం కూడా నానే సేత్తాను, పడుకో గుంటా” అంది.

నీలమ్మ కత్తిపీట వదల్లేదు. “నా వారం నువ్వు సేసినావంటే నాను పోనాననే లెక్క. వొద్దప్పా.”

జీడితోటలు పూత మీద ఉండగా నీలమ్మ పోయింది. ఆ వారం వంట సన్యాసమ్మది. దినాలయ్యేదాకా వీధివాళ్లూ చుట్టాలూ వండిపెట్టారు. ఆఖరి చుట్టం కూడా బస్సెక్కిన ఆదివారం, సన్యాసమ్మ పొయ్యిగట్టు కడిగింది. ముగ్గేసింది. కత్తిపీట తోమి నీలమ్మ తలుపుకు ఆనించి వచ్చేసింది.

సోమవారం పేడ తీసింది, వాకిలి ఊడ్చింది, బట్టలు నానబెట్టింది. ఎండెక్కినా పొయ్యి వెలగలేదు.

“ఏటే, వొండనేదేటి?” తోట నుంచి వచ్చిన మొగుడు దాలయ్య అడిగాడు.

“ఈ వారం నాది కాదు.”

అరుగు మీంచి కన్నమ్మ అందుకుంది. “ఇంకెవుల్దే? మతి గాని పోనాదేటి నీకు? పోనోల్ల వంతు పోనోల్లొచ్చి సేత్తారేటి?”

సన్యాసమ్మ తలెత్తకుండా చీర జాడిస్తూ ఉండిపోయింది. పని బరువని కాదు. నలుగురికి వండటం ఆమెకెంతసేపు? కానీ ఆ కత్తిపీట తను ఎత్తుకుంటే నీలమ్మ పోయినట్టే. పాడె లేచినప్పుడు కూడా ఆమెకది నమ్మబుద్ధి కాలేదు, ఒక్క చుక్క కన్నీరు రాలేదు.

ఈశ్వర్ గదిలోంచి వచ్చాడు. తలుపు దగ్గర కత్తిపీటను చూశాడు.

“ఊరుకోయే అమ్మా. నీలమ్మ వారమే ఇది” అని దాన్నెత్తుకున్నాడు.

“నీకేటొచ్చురా వొండడం?” అన్నాడు దాలయ్య.

“ఒకటొచ్చు.”

మధ్యాహ్నం అతనే వడ్డించాడు. అన్నం, ఆనపకాయ కూర. రంగు లేదు, వాసన లేదు. కన్నమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఉప్పు డబ్బా వైపు చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకుంది.

సన్యాసమ్మకు మొదటి ముద్దకే తెలిసింది. నీలమ్మ చప్పిడి కూర ఉండే చిన్నగిన్నె మూత ఎన్నోసార్లు తీసి చూసింది గానీ ఒక్కనాడూ నోట పెట్టలేదు. అందరికీ కొబ్బరేసిన కూర వడ్డించి, నీలమ్మ పక్కనే కూర్చుని ఇది తినేది. “నీ కూర వాసనతో కలుపుకుంటన్నానప్పా” అనేది. వేళాకోళమనుకున్నారంతా.

“ఇదెలాగ తినీది బాబూ?” అని మరిదిని అడిగింది.

ఈశ్వర్ తల దించుకున్నాడు. “ఎప్పుడడిగినా బాగుందనీది వొదినా.”

ఆ వారమంతా అదే కూర. సన్యాసమ్మ ప్రతిపూటా కంచం ఊడ్చుకు తింది.

ఆదివారం ఆవును కట్టేసి వచ్చేసరికి కత్తిపీట ఆమె తలుపుకు ఆనించి ఉంది. ఈశ్వర్ చింతపండు పెట్టి తోమినట్టున్నాడు, మెరుస్తోంది. దాని మీద ఉల్లిపాయ లేదు. దొర్లిపోయిందేమోనని సన్యాసమ్మ గడప కింద చూసింది, వంగి మంచం కింద చూసింది. చీపురు పెట్టి మూలల్లోకి తోసి చూసింది. ఆ తర్వాత చీపురు పట్టుకునే గడప మీద కూలబడి, పాడె లేచిన నాడు రాని ఏడుపంతా ఏడ్చింది. కన్నమ్మ వచ్చి పక్కన కూర్చుంది గానీ ఊరుకోమనలేదు.

సోమవారం పొయ్యి సన్యాసమ్మే వెలిగించింది. ఆ పై సోమవారం కూడా ఆమే.