ఎముకలకంటే ముందు పాతిన రాయి

పసిఫిక్ సముద్రంలోని బోగన్‌విల్ దీవిలో భూమి ఆడవాళ్లది, వంశమూ ఆడవాళ్లదే. తోకువా ఊళ్లో తల్లి పోయాక స్కొలాస్టికాయే పెద్ద దిక్కు. ఆమె తల ఊపందే ఏ రాజీ కుదరదు. అంత పెత్తనమున్న మనిషి ఒక్కసారి తొందరపడి తల ఊపింది. తర్వాత ఇరవై ఏళ్లు దానికే ఏడ్చింది.

దీవిలో ఏళ్లపాటు సాగిన అంతర్యుద్ధంలో ఆమె తమ్ముడు దామియన్‌ను పక్కూరి కాస్పర్ కాల్చి చంపాడు. ఆ సంగతి అందరికీ తెలుసు. శవాన్ని ఎక్కడ పూడ్చాడో మాత్రం కాస్పర్ ఒక్కడికే తెలుసు.

చివరికి నాలుగు దేశాల వాళ్లు పసుపు చొక్కాలు వేసుకుని, తుపాకులు లేకుండా, శాంతి చేయించడానికి దిగారు. ఉన్నమాట చెప్పుకోవాలి, మంచివాళ్లే. వాళ్లొచ్చాక ఆడవాళ్లు భయం లేకుండా తోటలకు వెళ్లారు. కాకపోతే వాళ్ల దగ్గర ప్రతి పనికీ ఒక తేదీ ఉండేది.

ఇక్కడ రాజీకి ఒక వరస ఉంది. ముందు ఎముకలు ఇంటికి రావాలి, ఆ తర్వాతే రాయి. రెండు పక్షాలూ కలిసి రాయి పాతాక ఆ చావు గురించి ఎవరూ నోరెత్తకూడదు. ఎత్తితే రాయి పీకినట్టే, మళ్లీ రక్తం కారుతుంది.

"హెలికాప్టర్ శుక్రవారం వస్తుందట. ఆలోపు రాయి పాతేయమంటున్నారు," అన్నాడు మేనమామ బెనెడిక్ట్.

"ఎముకలేవి మావయ్యా? చోటు చూపించాల్సిన కాస్పర్ ఇంకా అడవి దిగనే లేదు. వట్టి చేతుల్తో రాయి పాతుతారా ఎక్కడైనా?"

"వచ్చే ఏడాది ఎముకలు వెతికేవాళ్లని పంపుతారట. కాగితం మీద రాసుందని చూపిస్తున్నాడు కదే ఆ పసుపు చొక్కా దొర."

"కాగితం తవ్వుతుందా మట్టిని?"

"నువ్వు మొండికేస్తే కుర్రాళ్లు మళ్లీ తుపాకులు పడతారు. నీ కొడుకులు ముగ్గురూ ఆ వయసువాళ్లే. చూసుకో మరి."

ఆ మాటకు ఆమె లొంగిపోయింది. శుక్రవారం పందులు కోశారు, వక్కలు పంచుకున్నారు, రాయి పాతారు. కాస్పర్ వెక్కివెక్కి ఏడుస్తూ, "అక్కా, ఆ చోటు..." అన్నాడు. బెనెడిక్ట్ చటుక్కున అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఊరుకోరా, రాయి పాతేశాం." దొరలు చప్పట్లు కొట్టి ఫొటోలు తీసుకున్నారు.

వెతికేవాళ్లు రానేలేదు. ఇంకెక్కడో ఇంకో యుద్ధం మొదలైందట, మనుషులూ డబ్బూ అటు పోయాయట. పసుపు చొక్కాలు కూడా వెళ్లిపోయాయి.

వారం వారం సంతలో ఇద్దరూ ఎదురుపడేవారు.

"తిన్నావా అక్కా?"

"తిన్నాను తమ్ముడూ."

అంతే మాట. అతని గొంతులో చెప్పాలని, ఆమె గొంతులో అడగాలని. చెవిలో చెప్పినా లాభం లేదు, వెళ్లి తవ్వితే ఊరంతా చూస్తుంది. కొడుకులకు పెళ్లిళ్లయి మనవలు పుట్టారు. పోగొట్టుకోవడానికి మనుషులు ఇంకా ఎక్కువయ్యారు.

కాస్పర్ మంచాన పడితే ఆమె ఉడికించిన చేమదుంపలు పట్టుకెళ్లింది. గుమ్మంలో అటు అతని కొడుకులు, ఇటు ఆమె కొడుకులు. కాస్పర్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కా, నీతో చెప్పకుండా పోలేను. వాణ్ని నేను..."

గుమ్మంలోని కొడుకులంతా ఒక్కసారి కదిలారు. స్కొలాస్టికా వాళ్ల ముఖాలు చూసింది. ఇన్నేళ్లూ ఏ మాట కోసం ఆమె ప్రాణం కొట్టుకుందో ఆ మాట అతని పెదవుల దాకా వచ్చింది. ఆమె దుంప ముక్క తుంచి అతని నోట్లో పెట్టింది.

"మాట్లాడకు తమ్ముడూ. తిను."

రెండు రోజులకు కాస్పర్ పోయాడు, దామియన్ ఉన్న చోటూ అతనితోనే పోయింది. తెల్లటి సిలువ పెట్టిన కాస్పర్ సమాధి మీద పడి ఆమె గుండెలు బాదుకుంది. శాంతి ఎలా నిలిచిందో రాసుకోవడానికి విదేశం నుంచి వచ్చిన ఒకావిడ పక్కనే నిలబడి కళ్లు తుడుచుకుంది. "చంపినవాడి కోసం ఇంత దుఃఖమా! ఈ క్షమాగుణం లోకానికే పాఠం," అని పుస్తకంలో రాసుకుని, నిజమేనా అన్నట్టు ఆమెవైపు చూసింది.

స్కొలాస్టికా కాదనలేదు. కాదంటే రాయి పీకినట్టే.