బాలింత గదిలో కుంపటి

2022 చలికాలం. అప్పుడు నేను రేపల్లె అవతల, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక జాలర్ల ఊళ్ళో ఏఎన్ఎమ్‌గా, అంటే ఇల్లిల్లూ తిరిగే ప్రభుత్వ నర్సుగా పనిచేస్తున్నాను. కాన్పయి ఆసుపత్రి నుంచి వచ్చిన తల్లీబిడ్డల్ని ఇంటి దగ్గరే చూసిరావడాన్ని మేం హోమ్ విజిట్ అంటాం. మిగతా రోజుల్లో అది హాయిగా సాగే పని. చలికాలంలో మాత్రం సగం డ్యూటీ కిటికీలతో కుస్తీ పట్టడానికే సరిపోతుంది.

నాగలక్ష్మికి తొలికాన్పు, ఆడపిల్ల. పుట్టింట్లో ఉంది. వాళ్ళమ్మ వెంకాయమ్మ రేవులో చేపలు కొని రేపల్లెలో అమ్ముకొస్తుంది. మంచి మనిషి, అంతకు రెట్టింపు మొండిది. నేను వెళ్ళేసరికి ఆ గదికున్న ఒక్క కిటికీ సందుల్లో పాత చీర ముక్కలు కుక్కి ఉన్నాయి. తలుపు కింద గోనెసంచి, మంచం కింద బొగ్గుల కుంపటి.

"ఏంటి వదినా ఇది? పిల్లని సాకుతున్నావా, చేపలు కాలుస్తున్నావా?"

"బాలింతకి గాలి తగిలితే సన్నిపాతం కమ్ముద్ది సిస్టరమ్మా. నన్ను మా అమ్మ ఇట్టాగే సాకింది."

"మీ అమ్మది తాటాకు ఇల్లు. ఆకుల సందుల్లోంచి పొగ పోయేది. ఇది శ్లాబు ఇల్లు, ఎక్కడికి పోద్ది?"

"అట్టాగేలేమ్మా, తీసేస్తాలే."

అట్టాగేలే అన్నదంటే తీయదని నాకు తెలుసు. నేనే కుంపటి బయట పెట్టి, కిటికీ తెరిచాను. బొగ్గులు కాలితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుందని, దానికి రంగూ వాసనా ఉండవని నోరు నొప్పి పుట్టేలా చెప్పాను. నా స్కూటీ మలుపు తిరక్కముందే ఆ కిటికీ మళ్ళీ మూసుకుని ఉంటుంది.

వారం తిరక్కుండా మళ్ళీ వెళ్ళాను. ఈసారి కుంపట్లు రెండు! నాగలక్ష్మి తల పట్టుకుని కూర్చుంది. పొద్దున వాంతయిందట. బిడ్డ పాలు సరిగ్గా తాగకుండా మగతగా పడి ఉంటోందట.

"బయటికి స్నానానికెళ్తే తేలిగ్గా ఉంటందండి. లోపలికి రాగానే తల పగిలిపోతందండి" అంది నాగలక్ష్మి.

"చూశావా? బయటికెళ్ళి గాలి తగిలించుకుంది. అందుకే ఇంకో కుంపటి పెట్టా" అంది వెంకాయమ్మ.

నాకు ఒళ్ళు మండిపోయింది. జబ్బు తెచ్చిందే కుంపటైతే దానికి మందు ఇంకో కుంపటట! తలుపు బార్లా తెరిచి, అలవాటు కొద్దీ నాగలక్ష్మి వేలికి పల్స్ ఆక్సిమీటర్ తగిలించాను. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపించే చిన్న మిషన్ అది. తొంభై ఎనిమిది చూపించింది. వెంకాయమ్మ మొహం వెలిగిపోయింది.

"నీ మిషనే బాగుందంటంటే మధ్యలో నీకేంటమ్మా బాధ?"

ఆ మిషన్‌కున్న లోపమే అది. రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట విషవాయువు తిష్ట వేసినా, దాన్నీ ఆక్సిజన్ కిందే లెక్కేస్తుంది. ఈ సంగతి వెంకాయమ్మకి చెప్పి ఒప్పించే ఓపిక నాకు లేదు. అంతలో లేవబోయిన నాగలక్ష్మి మోకాళ్ళ మీద కూలబడింది.

"నీ కూతుర్ని బయటికి లాగు వదినా!" అని అరిచి, బిడ్డని ఎత్తుకుని వాకిట్లోకి పరిగెత్తాను. బిడ్డ ఏడవలేదు. అరికాలి మీద వేలితో తట్టాను. ఉలకలేదు. నా సర్వీసులో అంతగా ఎప్పుడూ భయపడలేదు. మళ్ళీ మళ్ళీ తట్టాక సన్నగా మూలిగింది, ఆ తర్వాత ఏడ్చింది. ఆ ఏడుపుకి నాక్కూడా ఏడుపొచ్చింది. 108కి ఫోన్ చేస్తే అంబులెన్స్ వచ్చింది. దారి పొడుగునా ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టి తెనాలి పెద్దాసుపత్రికి చేర్చాం. ఇద్దరూ కోలుకున్నారు.

వాళ్ళు ఇంటికొచ్చాక చూడబోతే వెంకాయమ్మ నన్నే నిలదీసింది. "కుంపటి వద్దంటివి. మరి బిడ్డకి చలేస్తే ఏం చెయ్యాలి? అది చెప్పవే?"

కోపం వచ్చినా, అడిగినదాంట్లో న్యాయం ఉంది. చలికి భయపడే మనిషి చేతిలోంచి కుంపటి లాక్కుంటే సరిపోదు, దాని బదులు ఏదో ఒకటి పెట్టాలి. అందుకని కంగారూ కేర్ చూపించాను. బిడ్డకి టోపీ, సాక్సులు, లంగోటీ మాత్రం ఉంచి, పెద్దవాళ్ళ ఒంటికి ఒళ్ళు ఆనేలా గుండెల మీద పడుకోబెట్టుకుని పైన దుప్పటి కప్పుకోవడమే. తల్లి అలసిపోతే అమ్మమ్మైనా చేయొచ్చు. వెంకాయమ్మ మనవరాల్ని గుండెకి హత్తుకుని కాసేపు కదలకుండా కూర్చుంది.

"వెచ్చగానే ఉంది. ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"ముందు నువ్వు వింటేగా!"

మరుసటి చలికాలం అదే వీధిలో ఇంకో బాలింత ఇంటికి వెళ్ళాను. వాకిట్లో కుంపటి బోర్లించి ఉంది, బొగ్గుల మీద నీళ్ళు పోసి ఉన్నాయి. లోపల వెంకాయమ్మ కిటికీ సందుల్లోంచి గుడ్డలు పీకుతూ ఆ ఇంటావిడ మీద కేకలేస్తోంది.

"మా ఇంట్లో ఈ పొగ సంగతి నేనే కనిపెట్టా! సిస్టరమ్మ మిషనుకి కూడా తెలవలా!"

కనిపెట్టిందెవరు వదినా, అనబోయాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను నేర్చుకున్నదేమిటంటే, పేరు ఎవరికొచ్చినా గదిలోకి గాలి రావాలి. అందుకే బిగుసుకుపోయిన కిటికీ రెండో రెక్క నేను తెరిచాను.