ఇరవై ఏడో ముక్క

చంద్రావతికి తెలియనిది లేదు. ఈ మాట ఆమె అనలేదు, పళ్ళిపట్టులో ఆమె పుట్టింటి వీధి వీధంతా అనేది. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి రక్తపరీక్ష కాగితం చేతికొచ్చినా ముందు దాన్ని ఫోటో తీసి ఆమె ఫోనుకు పంపేవాళ్ళు. కాపురం తిరుత్తణిలో, ఉద్యోగం తిరువళ్ళూరు దగ్గర ఒక పరిశోధన ల్యాబులో. పొద్దున్నే లోకల్ రైలెక్కి అరక్కోణం మీదుగా పోయి, చీకటిపడే వేళకు తిరిగొచ్చేది. డాక్టరు కాదు, నర్సూ కాదు. అయినా చుట్టాల్లో ఆమె మాటకున్న విలువ డాక్టర్ల మాటకు లేదు. ఆమె కూడా ఎవరినీ వద్దనలేదు. పొగడ్త ఎవరికి చేదు?

ఆమె చేసే పని ఇది. కేన్సర్ గడ్డలోంచి సూదితో తీసిన చిన్న ముక్కను తూచి, నూరి, అందులోకి కీమో మందు ఎంత చేరిందో మెషిన్ మీద కొలవాలి. నరంలోకి ఎక్కించినంత మాత్రాన మందు గడ్డలోకి చేరినట్టు కాదు. కొందరిలో బాగా చేరుతుంది, కొందరిలో అంతంత మాత్రం. ఎందుకో తేల్చడానికే ఆ పరిశోధన. ముక్కల మీద పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. ప్రతి ముక్కలోనూ కీమో కాని వేరే మందు ఒకటి కొలిచి కలుపుతారు. తెర మీద దాని గీత లేస్తే, పనిచేసిన చెయ్యి తప్పు చెయ్యలేదని సాక్ష్యం. పదకొండేళ్ళలో చంద్రావతికి ఆ సాక్షి ఎదురు తిరిగింది లేదు.

ఇంకొకటి కూడా ఉంది. రోజూ పని మొదలుపెట్టే ముందు, కీమో మందు బొత్తిగా లేని ముక్కను ఒకదాన్ని కొలవాలి. దాన్ని బ్లాంక్ అంటారు. అది సున్నా చూపిస్తేనే ఆ రోజు మిగతా అంకెల్ని నమ్మాలి. మందు తగలని కేన్సర్ ముక్క అంత తేలిగ్గా దొరకదు. ల్యాబు పెద్ద తంగరాజు ఎప్పుడూ దానికోసమే దేవులాడుతుండేవాడు.

అలిమేలమ్మ చంద్రావతికి అక్క. తల్లి పోయేనాటికి చంద్రావతికి తొమ్మిదేళ్ళు. అన్నం కలిపి పెట్టింది, జడ వేసింది, చెరుకు పని ఉన్న రోజున కూడా బడి మానిపించకుండా చదివించింది అక్కే. ఆ అక్కకు రొమ్ములో గడ్డ లేచింది. తిరువళ్ళూరు నర్సింగ్ హోంలో డాక్టరు, మూడు వారాలకొకటి చొప్పున ఆరు డోసులు మందెక్కించి, గడ్డ కరిగాక ఆపరేషన్ చేద్దామన్నాడు. మందు మాత్రం స్టాకు లేదనీ, నాలుగు రోజులు ఆగాలనీ అన్నాడు. అక్క భర్త గోవిందస్వామి పళ్ళిపట్టులోనే చెరుకు రైతు, నిదానస్తుడు. ఆగుదామన్నాడు.

చంద్రావతి ఆగనివ్వలేదు. మందుల కంపెనీలకూ ల్యాబులకూ మధ్య తిరిగే దేవా అనే ఏజెంటు ఆమెకు బాగా తెలుసు. ఫోను చేస్తే సాయంత్రానికల్లా సీసా తెచ్చిచ్చాడు. తర్వాతి డోసులకూ అతనే తెచ్చాడు. నా మనుషులుండగా మీరు లైన్లో నిలబడటమేమిటని ఆమె బావ దగ్గర గొప్పగా చెప్పుకుంది. అసలు మందు ఆముదంలా జిగటగా ఉంటుంది. సీసాను ఒక్కసారి వంచి చూసినా తెలిసేది. నర్సింగ్ హోం హడావిడిలో ఎవరూ చూడలేదు సరే, ఆ మందుతోనే రోజూ మసలే చంద్రావతీ చూడలేదు. అన్నీ తెలిసినమ్మ అమావాస్య నాడు చస్తే, ఏమీ తెలియనమ్మ ఏకాదశి నాడు చచ్చిందని ఊరికే అన్నారా?

ఒక డోసు అయింది, రెండయ్యాయి, మూడయ్యాయి. అలిమేలమ్మకు వాంతి లేదు, నీరసం లేదు. నడుము దాటే జుట్టులో ఒక్క వెంట్రుకైనా రాలలేదు. పక్క మంచాల వాళ్ళు బోడి తలలకు గుడ్డలు చుట్టుకుని ఆమె జడవంక చూసేవాళ్ళు. కొందరికి మందు అలా పడుతుందని చంద్రావతి అందరికీ వివరించి చెప్పింది. అక్క మాత్రం అది తిరుత్తణి సామి దయేనంది. జుట్టు నిలిచింది కాబట్టి కొండకు పోయి మూడు కత్తెర్లు ఇస్తానని మొక్కుకుంది.

అక్కను ఆ పరిశోధనలో చేర్పించింది కూడా చంద్రావతే. మూడో డోసు పడిన మర్నాడు సూదితో ముక్క తీశారు. ముక్క వేసిన సీసా మీద ఇరవై ఏడని అంటించడం పక్కనే నిలబడి చూసింది. అక్క నొప్పికి పళ్ళు బిగబట్టుకునే, "ఏమే చంద్రా, నాలో మందు ఎంత ఎక్కిండాదో నువ్వే చూసి చెప్పల్ల. ఇంకెవురన్నా చెప్తే నేను నమ్మను," అంది.

ఆ వారమే ఆమె ఇరవై ఏడో ముక్కను కొలిచింది. సాక్షి గీత నిటారుగా లేచింది. పక్కన మందు గీత లేవాల్సిన చోట అంతా చదునుగా ఉంది. మళ్ళీ కొలిచింది. మూడోసారీ కొలిచింది. చెయ్యి తప్పు లేదు, మెషిన్ తప్పు లేదు. నాలుగో డోసుకని దేవా తెచ్చిన సీసా ఇంట్లో బీరువాలో ఉంది. మర్నాడు దాన్ని సంచిలో పెట్టుకొచ్చి, అందులోంచి ఒక చుక్క తీసి మెషిన్ మీద చూసింది. ఉప్పునీళ్ళు. దేవా ఫోను మొదట మోగి ఆగింది, తర్వాత మోగడమే మానేసింది.

ఆ రోజే డాక్టరు దగ్గరికి పోయి ఉన్నమాట చెప్పి ఉంటే, మొదటి డోసు నుంచి లెక్క మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఏడు వారాలు పోతే పోయాయి, అక్క ఇంకా చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఈ సంగతి చంద్రావతికి అందరికంటే బాగా తెలుసు. కానీ చెప్పాలంటే సీసాలు తెచ్చింది ఎవరో కూడా చెప్పాలి. బావ ముఖం, వీధి ముఖం గుర్తొచ్చాయి. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుంది. దేవా సీసాలు ఇంకెందరి నరాల్లోకి పోతున్నాయో కూడా ఎవరికీ చెప్పలేదు.

తంగరాజు మాత్రం తెర చూసి సంబరపడ్డాడు. ఆ మనిషికి మందు ఎందుకు చేరలేదో అతనికి అక్కర్లేదు. ఒక్క ముక్కతో ఏమీ తేలదనీ, దాన్ని లెక్కలోంచి తీసెయ్యమనీ చెప్పి, నూరిన ముక్కలో మిగిలిన రసాన్ని బ్లాంక్‌గా దాచమన్నాడు. చంద్రావతి సరే సార్ అంది. చిన్న చిన్న గొట్టాల్లోకి పంచి, తన చేత్తోనే ఫ్రీజర్లో పెట్టింది.

నాలుగో డోసుకు ఆమె గుట్టుగా అసలు మందు తెప్పించింది. అప్పుడు ఇంకో భయం పట్టుకుంది. అసలు మందు పడితే జుట్టు రాలుతుంది. మూడు డోసులకు రాలనిది ఇప్పుడెందుకు రాలిందని ఎవరైనా అడిగితే? డోసుకు ముందే తిరుత్తణి సామి పండుగ కృత్తిక వచ్చింది. మొక్కు తీర్చుకుందాం పదమని అక్కను తొందరపెట్టింది. కొండ కింద క్షురకుడి ముందు కూర్చుని అలిమేలమ్మ మూడు కత్తెర్లు చాలంది, ముత్తైదువకు గుండెందుకంది.

"ప్రాణం నిలబెట్టిన సామికి కొసరిస్తావా అక్కా? అంతా ఇచ్చెయ్యి," అంది చంద్రావతి.

అక్క చెల్లెలి మాట ఎప్పుడు కాదంది గనక? తల వంచింది. నడుము దాటే జుట్టంతా ఒళ్ళో పడింది. దాన్ని ఒకసారి తడిమి చూసుకుని హుండీలో వేయించింది. గుండుకు చందనం రాయించుకుంటూ, ముక్కలో మందు ఎంత చూపించిందని అడిగింది. చంద్రావతి ఇరవై ఆరో ముక్క అంకె చెప్పింది. ఎనిమిది వందల నలభై. అలిమేలమ్మ ఆ అంకెను పళ్ళిపట్టు దాకా మోసుకుపోయి, పాలు పోసేవాడికి కూడా చెప్పింది.

ఐదో డోసు తర్వాత స్కాన్ తీస్తే గడ్డ రెట్టింపయింది, కాలేయంలో మచ్చలు. డాక్టరు కాగితాలు తిరగేసి, ఐదు డోసులకూ లొంగలేదంటే ఈ మందు ఈమెకు పనిచెయ్యదని ఆపేశాడు. పడింది రెండే. ఆ మాట తెలిసిన మనిషి అతని బల్లకు ఇవతలే, అక్క భుజం మీద చెయ్యేసి నిలబడి ఉంది. రాసిచ్చిన రెండో మందు అక్క ఒంటికి పడలేదు. నాలుగు నెలలు మంచాన పడి కరిగిపోయింది.

చివరి వారం చంద్రావతి సెలవు పెట్టి పక్కనే ఉంది. కాళ్ళు ఒత్తింది, నీళ్ళు తాగించింది, ఎప్పటిలాగే అన్నీ తానై చేసింది. ఒక మధ్యాహ్నం అలిమేలమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. తలమీద అప్పుడే మొలిచిన వెంట్రుకలు మెత్తగా ఉన్నాయి.

"ఏడవద్దే. ఎనిమిదొందల నలభై ఎక్కినా నిలబడకపోతే అది నా రాత. నీ తప్పు యాడుండాది? నువ్వు చెయ్యాల్సిందంతా చేసినావు," అంది.

ఇప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. అక్క నమ్మకంతో పోతోంది, దాన్నెందుకు చెడగొట్టాలని తనకు తాను నచ్చజెప్పుకుంది. రెండు రోజులకు అలిమేలమ్మ పోయింది. కర్మ నాడు గోవిందస్వామి బంధువులందరి ముందూ మరదలికి చేతులెత్తి దండం పెట్టాడు. తోడబుట్టిందంటే ఇట్లా ఉండల్ల అన్నాడు. చంద్రావతి ఆ దండం కూడా పుచ్చుకుంది.

పదమూడో రోజు మళ్ళీ రైలెక్కింది. ల్యాబులో తంగరాజు రెండు మంచి మాటలు చెప్పి, ఆ రోజు కొలవాల్సిన ముక్కల జాబితా ఇచ్చాడు. ముందు బ్లాంక్ పెట్టమన్నాడు. ఇరవై ఏడు ఇంకా ఎన్ని గొట్టాలున్నాయని అడిగాడు. ముప్పై ఒకటని చెప్పింది. జాగ్రత్తగా వాడమన్నాడు, అంత శుభ్రమైనది మళ్ళీ దొరకదన్నాడు.

ఫ్రీజర్ తెరిచి ఒక గొట్టం తీసింది. మంచు పట్టి ఉంది. కరగడానికి దాన్ని పిడికిట్లో పట్టుకుని, చల్లదనం ఎముక దాకా దిగేవరకూ నిలబడింది. తర్వాత మెషిన్‌లో పెట్టింది. సాక్షి గీత లేచింది. పక్కన ఏమీ లేదు.

"సున్నానే సార్," అంది చంద్రావతి. "మొదలుపెట్టొచ్చు."